అమ్మాయి సొరోరిటీలో చేరతానంటే వద్దనాలా? నా అనుభవం

న్యూజెర్సీలో చదువుతున్న మీ అమ్మాయి మల్టీకల్చరల్ సొరోరిటీలో (రకరకాల సంస్కృతుల అమ్మాయిలు కలిసి ఉండే కాలేజీ సంఘంలో) చేరతానంటోంది, ర్యాగింగ్ ఉంటుందట, వద్దనాలా అని అడిగారు కదండీ. నేను మూడేళ్ళు అలాంటిదాంట్లోనే ఉన్నాను. వద్దనకండి, కానీ కొన్ని తెలుసుకున్నాకే చేరమనండి.

సినిమాల్లో కనిపించే పెద్ద బంగళాలు, వందమంది అమ్మాయిలు, అది వేరే లోకం. ఇవి చాలావరకు చిన్నవి, సొంత ఇల్లు కూడా ఉండదు, మా చాప్టర్‌లో, అంటే మా కాలేజీ శాఖలో, 14 మందిమే. మొదటి మల్టీకల్చరల్ సొరోరిటీగా చెప్పే మ్యూ సిగ్మా అప్సిలాన్ 1981లో మీ న్యూజెర్సీలోనే, రట్గర్స్ యూనివర్సిటీలో పుట్టింది. దక్షిణాసియా అమ్మాయిలకంటూ డెల్టా ఫై ఒమేగా లాంటివి 1998లో వచ్చాయి.

నాతోపాటు చేరినవాళ్ళు నలుగురు: ఒక డొమినికన్, ఒక ఫిలిపీనో, ఒక గయానా అమ్మాయి, ఒక గుజరాతీ. ఇలా ఒకేసారి చేరినవాళ్ళని లైన్ సిస్టర్స్ అంటారు. థర్డియర్‌ ఫైనల్స్ వారంలో తెనాలిలో మా నాయనమ్మ పోయింది, నేను వెళ్ళలేకపోయాను. లైటు కూడా వేసుకోకుండా పడుకుని ఉంటే డొమినికన్ అమ్మాయి అన్నం, చిక్కుడుగింజల కూర తెచ్చి పక్కన కూర్చుంది, వాళ్ళవైపు మనిషి పోతే తొమ్మిది రోజులు ప్రార్థనలు చేస్తారని చెప్పి, మరి మీకెలా అని అడిగింది. పదకొండో రోజు ఐదుగురం కలిసి నాయనమ్మకిష్టమైన గారెలు వండాం. పిండి జారైపోయింది, అయినా ఒక్కటీ మిగల్లేదు. ఆ రోజు నేను ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

కానీ చేరేటప్పటి ఆరు వారాలు నాకు మంచిగా గడవలేదు. అర్ధరాత్రి దాకా మీటింగులు, నిద్ర లేదు, కెమిస్ట్రీలో సీ గ్రేడ్ వచ్చింది, బయట చెప్పొద్దన్నారని అమ్మకి కూడా చెప్పలేదు. చెప్పాల్సింది. మనలాంటి పిల్లలే కదా అని ధీమా పడకండి, 2013లో పెన్సిల్వేనియాలో ఒక ఏషియన్ ఫ్రెటర్నిటీ (అబ్బాయిల సంఘం) హేజింగ్‌లో, అంటే ర్యాగింగ్‌లో, న్యూయార్క్ విద్యార్థి ప్రాణమే పోయింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం ఏ సంఘం మీద హేజింగ్ రుజువైందో కాలేజీలే బయటపెట్టాలి.

చేరే ప్రక్రియ ఎన్ని వారాలు, ఫీజు ఎంత, చదువుకి టైం ఇస్తారా అని ముందే అడగమనండి. ఇంట్లో చెప్పకూడదు అనే మాట వినిపిస్తే ఆ రోజే వచ్చేయమనండి. అంతకంటే ముందు ఆ చాప్టర్ పేరు యూనివర్సిటీ సైట్‌లోని సస్పెన్షన్ల లిస్టులో ఉందేమో ఇద్దరూ కలిసి చూడండి.