కోరింగలో వలస పక్షులు కనబడాలంటే ఆటుపోట్లు చూసుకుని వెళ్లండి

మీరు సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యానికి వెళ్లామని, చెక్క వంతెన మీద నడిచి, పడవ కూడా ఎక్కినా నాలుగు కొంగలు తప్ప ఏమీ కనబడలేదని రాశారు. శీతాకాలంలో వలస పక్షులు నిజంగా వస్తాయా అని అడిగారు. తప్పకుండా వస్తాయండి. మాది కాకినాడే. దీపావళి దాటినప్పటి నుంచి శివరాత్రి దాకా, వీలు దొరికితే చాలు, నేను వాటి దగ్గరే ఉంటాను.

మీరు చూసింది మడ అడవి. ఉత్తర ధ్రువం వైపు మంచు ప్రాంతాల నుంచి వచ్చే, బురదలో మేత వెతుక్కునే ఉల్లంకి జాతి పిట్టలకు చెట్ల నీడతో పనిలేదు, వాటికి బయలు బురద కావాలి. అది సముద్రం వైపు ఉంటుంది, రోజుకు రెండుసార్లు మునిగి రెండుసార్లు తేలుతుంది. అందుకే బయలుదేరే ముందు తిథి చూడండి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు బాగా లోపలికి వస్తుంది, అష్టమి నవముల్లో అంతగా రాదు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఆ రోజు పోటు ఎప్పుడో వేటకు వెళ్లే ఏ మత్స్యకారుణ్ణి అడిగినా చెబుతారు. నీళ్లు పూర్తిగా తీసినప్పుడు వెళితే పక్షులన్నీ ఎక్కడో దూరాన చుక్కల్లా ఉంటాయి. పోటు మొదలయ్యాక వెళ్లి కదలకుండా కూర్చుంటే ఆ నీళ్లే వాటిని మీ దగ్గరికి తోసుకొస్తాయి.

కాకినాడలోనే కుంభాభిషేకం రేవు దగ్గరి బురద నేలలు ఇందుకు మేలైన చోటు. అక్కడ కర్ల్యూని వెతకండి: కోడంత పక్షి, కొడవలిలా కిందికి వంగిన పొడవైన ముక్కు. ఆ ముక్కును కలుగులోకి కళ్ల దాకా దించి పీతను లాగుతుంది. కాళ్లు ఊడిపోయేదాకా విదిలించి, ఒళ్లు మాత్రం మింగుతుంది. ఈ పని చూడటానికి పిల్లలు అరగంటైనా కూర్చుంటారు, నేను హామీ. అదే బురదలో గ్రేట్ నాట్ అనే బూడిదరంగు పిట్ట కూడా దిగుతుంది. ఈశాన్య సైబీరియా కొండల్లో గుడ్లు పెట్టి, ఇక్కడికొచ్చి చిన్న గుల్లలను పెంకుతో సహా మింగి బతుకుతుంది. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి అది. మన ఊరి బురదను నమ్ముకుని అంత దూరం నుంచి వస్తుందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అదృష్టముంటే ఇసుక తిన్నె మీద స్కిమ్మర్లు బారులు తీరి కనబడతాయి. నారింజ రంగు ముక్కులో కింది భాగం పైదానికన్నా పొడుగు. ఎగురుతూనే దాన్ని నీళ్లలో ముంచి, గీత గీసినట్టు సాగిపోతాయి. ఇవి చంబల్, మహానది నదుల తిన్నెల మీద గుడ్లు పెట్టే మన దేశపు పక్షులే.

కోరింగ వంతెన మీద మీరు చూడాల్సినవి వేరు. నల్ల తల, ఊదా నీలం వీపు, ఎర్రటి ముక్కు ఉన్న లకుముకి పిట్ట, మడ చెట్ల ఊపిరి వేర్ల మధ్య బురదలో గెంతే చేపలు, ఒక చెయ్యి మాత్రమే పెద్దగా ఉండే పీతలు. వీటిని చూడటానికి పాటు, అంటే నీళ్లు తీసే సమయమే మంచిది, అప్పుడే ఈ చేపలూ పీతలూ బయటికొస్తాయి. బావురుపిల్లి రాత్రి సంచారి కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. కాలువ గట్టున అడుగుజాడలు దొరికితే అదే గొప్ప. నీటికుక్కలు మాత్రం తెల్లవారే వేళ, పడవల రద్దీ లేకపోతే, గుంపుగా ఎదురుపడవచ్చు.

చొల్లంగి అమావాస్యకు (పుష్య మాసపు అమావాస్య) పోటు బాగానే ఉంటుంది, అయితే ఆ రోజు స్నానాలకు జనం పోటెత్తుతారు. ఒకటి రెండు రోజులు ఆగి వెళ్లండి.

ఒక్కటి మాత్రం బతిమాలి అడుగుతున్నాను. ఫోటో కోసం గుంపును లేపకండి, డ్రోన్ ఎగరేయకండి. పోటు వేళ వాటికి కాలు మోపే చోటు అరుదు. తిరుగు ప్రయాణానికి దాచుకుంటున్న కొవ్వు, లేపిన ప్రతిసారీ కరిగిపోతుంది.

పిల్లలకు పెద్ద పక్షులే కావాలంటే ఇంకో రోజు మిగుల్చుకుని కైకలూరు దగ్గరి ఆటపాక వెళ్లండి. కొల్లేటిలో శీతాకాలమంతా గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుని ఉంటాయి. అక్కడ పోటు లెక్క అక్కర్లేదు, ఉదయం ఎండ ముదరకముందు చేరుకుంటే చాలు.