హైస్కూల్ మాటెత్తితే పాపకు కడుపునొప్పి.. ఏం చేయాలి?

ప్రశ్న: మా పాపకు పదిన్నరేళ్లు. మా ఊరి ప్రైమరీ స్కూల్లో 5వ తరగతి అయిపోయింది. జూన్ 12న మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో 6వ తరగతిలో చేర్పించాలి. ఐదు కిలోమీటర్లు, ఆర్టీసీ బస్సులో వెళ్లి రావాలి. టీసీ తెచ్చుకున్నప్పటి నుంచి, అంటే నెల రోజులుగా, పొద్దున లేవగానే బొడ్డు చుట్టూ నొప్పి అంటోంది. టిఫిన్ ముట్టదు. రాత్రి నిద్ర పట్టక నా పక్కలోకి వచ్చి పడుకుంటోంది. వాళ్ల అమ్మమ్మ ఇంట్లో పది రోజులు ఉంటే మాత్రం ఒక్కసారీ నొప్పి రాలేదు. స్కానింగ్ తీయిస్తే పేగుల దగ్గర చిన్న గ్రంథులు ఉన్నాయన్నారు. ఐదు రోజులు మందులు వాడినా తగ్గలేదు. మావారు అదంతా నాటకం అంటారు. మా అత్తమ్మ దిష్టి తీసింది. పాప జోడీ పిల్ల ప్రైవేట్ స్కూల్లో చేరింది. తెలిసినవాళ్లేమో హాస్టల్లో వేస్తే భయం అదే పోతుందంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

డాక్టర్ సలహా: అమ్మా, మీ పాపకు నొప్పి నిజంగానే వస్తోంది. ఈ మాట మీవారికి కూడా చదివి వినిపించండి. మన పేగులకు తమదైన నరాల అల్లిక ఉంటుంది. దానికీ మెదడుకూ మధ్య రాకపోకలు నిరంతరం సాగుతూనే ఉంటాయి. భయం, దిగులు ఉన్నప్పుడు పేగుల కదలిక మారుతుంది, మామూలుగా తెలియని చిన్న కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. పరీక్ష రోజు పొద్దున పెద్దవాళ్లకైనా కడుపులో తిప్పడం, రెండుసార్లు బాత్రూంకి పరిగెత్తడం ఇందువల్లే. పెద్దవాళ్లు ‘టెన్షన్‌గా ఉంది’ అని చెప్పుకోగలరు. పదేళ్ల పిల్లకు ఆ సంగతి విడమరిచి చెప్పడం రాదు. కడుపు నొస్తోందని మాత్రం చెప్పగలదు, అదే చెబుతోంది.

బొడ్డు చుట్టూ రావడం, పొద్దునపూటే రావడం, స్కూల్ ఊసు లేని అమ్మమ్మ ఇంట్లో పది రోజులూ రాకపోవడం.. మీరు రాసిన ఈ మూడూ కలిపి చూస్తే పేగులో జబ్బు ఉండే అవకాశం తక్కువ. స్కానింగ్‌లో కనిపించిన గ్రంథుల గురించి బెంగ పెట్టుకోవద్దు. ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్లలకు స్కాన్ చేసినా అలాంటి చిన్న లింఫ్ గ్రంథులు చాలామందిలో కనిపిస్తాయి. వాటికోసమే మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్స్ వాడొద్దు, నెలకోసారి స్కానింగ్ తీయించొద్దు. ఇంకెవరైనా డాక్టర్ రిపోర్టులోని ఆ ఒక్క వాక్యం చూసి నెలల తరబడి మందులు రాస్తే, పిల్లల వైద్యుల దగ్గర ఒకసారి సరిచూసుకున్నాకే మొదలుపెట్టండి.

అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే ‘భయమేలే’ అనుకుని ఊరుకోకూడదు. నొప్పి గాఢనిద్రలోంచి లేపేస్తున్నా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, వాంతులు ఆగకున్నా, ఆకుపచ్చ రంగులో వాంతి అయినా, జ్వరం విడవకున్నా వెంటనే చూపించాలి. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి జరిగి, నిటారుగా నడవలేక వంగి నడుస్తుంటే అది అపెండిక్స్ కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోతే ప్రస్తుతానికి మూత్ర పరీక్ష, రక్తంలో హిమోగ్లోబిన్, ఎత్తు, బరువు.. ఈ నాలుగూ చాలు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అయిపోతాయి. ఫిబ్రవరి 10న బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకోకపోయి ఉంటే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్కటి నమిలి మింగిస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక విషయం మీరు రాయలేదు, నేను అడగాలి. పాపకు విరేచనం రోజూ సాఫీగా అవుతోందా? గట్టిగా, రెండు మూడు రోజులకోసారి అవుతుంటే నొప్పిలో సగం దానివల్లే కావచ్చు. ఆడపిల్లల్లో దీని వెనుక చాలాసార్లు బడిలోని బాత్రూం ఉంటుంది. తలుపుకు గడియ లేదనో, నీళ్లు రావనో, బయట పెద్ద క్లాసుల పిల్లలు నిలబడతారనో వెళ్లరు. వెళ్లాల్సి రాకూడదని పొద్దుట్నుంచి నీళ్లే తాగరు. సాయంత్రం ఇంటికి వచ్చాకే పరుగు. ఇలా నెలలు గడిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట, కడుపునొప్పి, తలనొప్పి అన్నీ వస్తాయి. హైస్కూల్‌కి వెళ్లాలంటే భయపడే పిల్లల్లో కొందరికి అసలు భయం ఇదే. కానీ సిగ్గుతో ఎవరికీ చెప్పరు.

అందుకే ‘ఏం భయం లేదమ్మా, అంతా బాగుంటుంది’ అనేసి వదిలేయకండి. ఆ మాటతో పిల్ల నోరు మూతపడుతుంది, భయం మాత్రం లోపలే ఉంటుంది. పక్కన కూర్చోబెట్టుకుని, జడ వేసేటప్పుడో పప్పు ఏరేటప్పుడో, ఒక్కొక్కటీ అడగండి. బస్సు ఎక్కడమా? కొత్త సార్లా? హిందీనా? అన్నం ఎవరితో కూర్చుని తినాలనా? బాత్రూమా? ఎవరైనా ఏమైనా అన్నారా? చెప్పిందాన్ని అప్పటికప్పుడు కొట్టిపారేయకుండా వినండి. మీ పాప జోడీ పిల్ల వేరే బడికి వెళ్లిపోయిందని రాశారు. పెద్దవాళ్లకు అది చిన్న విషయంలా అనిపిస్తుంది. ఐదేళ్లు పక్కపక్కన కూర్చున్న స్నేహితురాలు లేకుండా, ముక్కూమొహం తెలియని క్లాసులోకి ఒంటరిగా నడవడం ఆ పిల్లకు మామూలు కష్టం కాదు. ఆదివారాలు వాళ్లిద్దరూ కలుసుకునేలా చూడండి.

ప్రైమరీ స్కూల్లో ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెబుతారు, పిల్ల ఇంటిపేరుతో సహా వాళ్లకు తెలుసు. హైస్కూల్లో గంట కొట్టగానే ఒకరు వెళ్లి ఇంకొకరు వస్తారు. తెలుగుకు ఒకరు, లెక్కలకు ఒకరు, కొత్తగా హిందీకి ఒకరు. నిన్నటిదాకా బడిలో అందరికంటే పెద్దపిల్ల, రేపట్నుంచి అందరికంటే చిన్నది. తన చుట్టూ పదో తరగతి పిల్లలు. ఈ మార్పులన్నీ జూన్ 12న ఒక్కరోజే మీద పడకుండా, కొన్నింటిని ముందే అలవాటు చేయొచ్చు.

ఈ వారంలోనే ఒకరోజు, బడికి వెళ్లాల్సిన వేళకే, అదే బస్సులో పాపను తీసుకెళ్లండి. ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తనే తీసుకోనివ్వండి. ఎక్కడ దిగాలి, రోడ్డు ఎక్కడ దాటాలి, బస్సు తప్పితే ఎవరి దుకాణం దగ్గర నిలబడి మీకు ఫోన్ చేయించాలి, చూపించండి. మీ ఫోన్ నంబరు కాగితం చూడకుండా చెప్పగలగాలి. సెలవుల్లో కూడా అడ్మిషన్ల పనిమీద హెడ్‌మాస్టరో, ఎవరో ఒక టీచరో వస్తుంటారు, ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లండి. 6వ తరగతి గది, మంచినీళ్ల కుళాయి, భోజనం పెట్టే చోటు, ఆడపిల్లల బాత్రూం నాలుగూ పాప కళ్లతో చూడాలి. బాత్రూంకి గడియ లేకపోతే, నీళ్లు లేకపోతే మీరే అడగండి. అడగడానికి మొహమాటపడకండి, ఇది మీ ఒక్క పిల్లకోసం కాదు. టీచరమ్మ ఎవరైనా ఉంటే ‘మా పాప కొంచెం భయస్తురాలు, పొద్దునపూట కడుపునొప్పి అనొచ్చు. జ్వరం, వాంతులు లేకపోతే పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ క్లాసుకు పంపండి, ఇంటికి పంపొద్దు’ అని ముందే చెప్పి ఉంచండి.

మీ ఊరి నుంచి అదే స్కూల్‌కి వెళ్లే 8వ, 9వ తరగతి అమ్మాయి ఒకరు ఉండే ఉంటారు. ఆ అక్కతో మాట్లాడించండి. మొదటి వారం బస్సులో తన పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు. నన్ను అడిగితే, మొత్తం జాబితాలో మందుకంటే బాగా పనిచేసేది ఇదే. ఆ అమ్మాయి పాత 6వ తరగతి హిందీ పుస్తకం దొరికితే తెచ్చి ఇంట్లో ఉంచండి. చదివించక్కర్లేదు, తిరగేస్తే చాలు, హిందీ క్లాసులో అందరికీ కొత్తేనని చెప్పండి.

నిద్ర గురించి. ఈ వయసుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. సెలవుల్లో పదకొండింటిదాకా టీవీ, ఫోన్ చూసి ఎనిమిదింటికి లేచే పిల్లను జూన్ 12న ఒక్కసారిగా ఆరింటికి లేపితే కడుపు తిప్పక ఏమవుతుంది? ఇప్పట్నుంచే రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరుపుతూ, తొమ్మిదింటికల్లా పడుకునేలా తీసుకురండి. మీ పక్కలోకి వస్తే తిట్టకండి. కాసేపు వీపు నిమిరి, మళ్లీ తన పక్కలో పడుకోబెట్టండి.

లేచిన వెంటనే టిఫిన్ కుక్కకండి. గోరువెచ్చని నీళ్లు తాగించి, కొంతసేపయ్యాక ఒక ఇడ్లీయో, అరటిపండో, పెరుగన్నమో, ఏది పోతే అది. తిన్నాక ఐదు పది నిమిషాలు బాత్రూంలో కూర్చోవడం అలవాటు చేయండి, అయినా కాకున్నా సరే. కూరలు, ఆకుకూరలు, పండ్లు, రోజంతా నీళ్లు ఉంటే విరేచనం దారికొస్తుంది. నాలుగైదు రోజుల్లో మారకపోతే డాక్టర్‌ను అడిగి సిరప్ వాడొచ్చు.

ఇది పిల్లలు ఉన్నట్టుండి ఎదిగే వయసు కూడా. మధ్యాహ్న భోజనంలో ప్రైమరీ పిల్లలకు 100 గ్రాముల బియ్యం లెక్కయితే 6వ తరగతి నుంచి 150 గ్రాములు. వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర కూడా గులాబీ రంగు నుంచి నీలం రంగుకు మారుతుంది, అందులో ఐరన్ 45 మిల్లీగ్రాములకు బదులు 60 ఉంటుంది. అన్నం తిన్నాక వేసుకోమనండి, ఖాళీ కడుపుతో అయితే వికారం వస్తుంది. మలం నల్లగా వస్తే భయపడొద్దు. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11.5 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే, అప్పుడు వారానికో మాత్ర సరిపోదు, చికిత్స మోతాదు వేరే ఉంటుంది. పదేళ్లకు వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా ఇచ్చే) టీకా పడిందో లేదో మీ ఏఎన్ఎంను అడగండి. బోర్డు మీద అక్షరాలు కనపడక కళ్లు చిట్లిస్తుంటే కంటి పరీక్ష చేయించండి. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు, 26 కిలోల పిల్లకు రెండున్నర కిలోలు.

మరొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. ఛాతీ ఎదగడం 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ముందు ఒకవైపే చిన్న గడ్డలా తగిలి, ముట్టుకుంటే నొప్పి అనొచ్చు, అది సహజం. అది మొదలైన రెండు రెండున్నరేళ్లకు సాధారణంగా నెలసరి వస్తుంది. అంటే 6వ, 7వ తరగతుల్లో ఏ రోజైనా, బడిలోనే రావచ్చు. ముందే చెప్పని పిల్ల రక్తం చూసి ఏదో పెద్ద జబ్బు చేసిందని వణికిపోతుంది. కాబట్టి జూన్ 12కి ముందే మీరు చెప్పండి. ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చూపించి, సంచిలో ఒక చిన్న కవర్లో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు ఉంచండి. పెద్దమనిషి అయిందని వారాల తరబడి బడి మాన్పించే పద్ధతి మీ ఇంట్లో ఉంటే మీ అత్తమ్మతో ఇప్పుడే మాట్లాడుకోండి. ఒంట్లో బాగుంటే బడికి వెళ్లొచ్చు, ఆడుకోవచ్చు, స్నానం చేయొచ్చు.

బడి తెరిచాక పొద్దున నొప్పి అంటే పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేవని చూసుకుని, ‘నొస్తోందని తెలుసు, కాసేపట్లో తగ్గుతుంది, వెళ్లొద్దాం పద’ అని తీసుకెళ్లండి. మొదటి మూడు నాలుగు రోజులు బస్టాప్ దాకా మీవారే వస్తే బాగుంటుంది. నాటకం అన్న మనిషే చేయి పట్టుకుని నడిపిస్తే పిల్లకు అంతకంటే ధైర్యం లేదు. బస్సు రాగానే ఎక్కించి వచ్చేయాలి, కిటికీ దగ్గర నిలబడి కన్నీళ్లు పెట్టుకోవద్దు. కొట్టొద్దు, ఫోన్ కొనిస్తామని ఆశ పెట్టొద్దు. ఒకరోజు ఇంట్లో ఉండనిస్తే నొప్పి పది గంటలకల్లా పోతుంది, ఆ హాయి రుచి చూశాక మర్నాడు వెళ్లడం రెండింతలు కష్టమవుతుంది. నిజంగా జ్వరమొచ్చి ఆగిపోతే మాత్రం విశ్రాంతి ఒక్కటే, టీవీ, ఫోన్ వద్దు.

హాస్టల్ సంగతి. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో బాగా చదువుకుంటున్న పిల్లలు వేలమంది ఉన్నారు, వాటిని నేను తప్పుపట్టను. కానీ రాత్రిళ్లు అమ్మ పక్కన పడుకుంటే గానీ నిద్ర పట్టని పిల్లను భయం పోగొట్టడానికని హాస్టల్లో వేయడం సరైన ఆలోచన కాదు. ఈ ఏడాది వద్దు. తనే వెళ్తానన్నప్పుడు చూద్దాం. దిష్టి తీస్తే మీ అత్తమ్మకు తృప్తి, పిల్లకు నష్టం లేదు, తీయనివ్వండి. నిమ్మకాయ, మిరపకాయ లాంటివి తాగించడం, పొట్ట మీద వాతలు పెట్టడం మాత్రం అస్సలు ఒప్పుకోకండి.

అన్నీ చేసినా రెండు మూడు వారాలకు పాప బడికి నిలవకపోతే, ఆటలు మానేసి మూలన కూర్చుంటే, ‘నేను చచ్చిపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కసారి అన్నా సరే, సైకాలజిస్టునో మానసిక వైద్యులనో కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. పాప భయం బడి మొత్తం మీద కాకుండా ఒక మనిషి మీదే ఉంటే, బస్సులోనో దారిలోనో ఎవరైనా తాకారనో బెదిరించారనో చెబితే, ముందు నమ్మండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

జూన్ నెలాఖరుకల్లా పాప ఎన్ని రోజులు వెళ్లింది, ఎన్ని రోజులు నొప్పి అంది, విరేచనం ఎలా ఉంది, ఒక కాగితం మీద తేదీలవారీగా రాసి పెట్టుకోండి. హిమోగ్లోబిన్ రిపోర్టు, బరువుతో పాటు అది నాకు పంపితే తర్వాత ఏం చేయాలో చెబుతాను.