పడినప్పుడు ఏమవుతుందో రాయి నాయనా

కర్నూలు

నాయనా,

డోన్ నుంచి నువ్వు పంపిన పన్నెండు పేజీలు అందినాయి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా కంప్యూటర్ ఆటలన్నీ వరసబెట్టి, కథకింత, బొమ్మలకింత, కత్తియుద్ధానికింత, సంగీతానికింత అని పదికి మార్కులేసి, కూడి, భాగించి, ఏది ఫస్టో ఏది లాస్టో తేల్చినావు. కోపమొచ్చి సగంలోనే పక్కన పెట్టేసినాను. రాత్రి మళ్ళా తీసినప్పుడు ఎనిమిదో పేజీలో ఒక వాక్యం కనపడింది: "రాకుమారుడు దూకినప్పుడల్లా మా అక్క కూర్చున్న కుర్చీ గూడా ముందుకు జరిగేది."

ఆ వాక్యం రాయగలిగినవాడివి, ఈ మార్కుల పట్టీ ఎందుకు రాసినావు?

ఈ ఆటలన్నీ దూకడం గురించే. దూకేవాడు పడతాడు గూడా. పడినవాణ్ణి ఆట ఏం చేస్తుందో చూడు, దాని బలమూ లోపమూ అక్కడే బయటపడతాయి. నేను ముప్పై ఏళ్ళుగా ఇదే మాట అంటున్నాను, వినేవాళ్ళు తక్కువ.

1989లో జోర్డాన్ మెక్‌నర్ యాపిల్ టూ కంప్యూటర్ మీద చేసిన మొదటి ఆటకు "గ్రాఫిక్స్ పాతవి" అని పదికి నాలుగేసినావు. ఆయన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు వేసి, పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ చూసి బొమ్మ గీసుకున్నాడు. అందుకే ఆ చిన్న బొమ్మకు ఒంటి బరువుంది. పరుగాపితే వెంటనే ఆగడు, జారి ఆగుతాడు. షిఫ్ట్ కీ మీద వేలు నొక్కిపెట్టి అంచు పట్టుకుని వేలాడితే మన మణికట్టు లాగుతుంది. పడి చస్తే ఆ లెవెల్ మొదటికొస్తుంది, గడియారం మాత్రం రాదు. చెరలో ఉన్న రాకుమారిని చేరడానికి మొత్తం గంటే గడువు.

1996లో నేను పాత బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో డాస్ నేర్చుకునేవాణ్ణి. నా ప్రాక్టికల్స్ టైమూ గంటే, అందులోనే ఈ మొదటి ఆట ఆడేవాణ్ణి. పన్నెండో లెవెల్లో రాకుమారుడి నీడే కత్తి దూసి అడ్డం నిలబడుతుంది. దాన్ని పొడిస్తే కింద మూలన మన ప్రాణం చూపే ఎర్ర త్రికోణాలే ఒక్కోటీ రాలిపోతాయి. నెలరోజులు పొడిచి పొడిచి చచ్చినాను. చివరికి అక్కడ నేల తుడిచే పిల్లోడు, పదమూడేళ్ళుంటాయేమో, తుడుపుగుడ్డ చేతిలో పట్టుకునే అన్నాడు: "కత్తి లోపల పెట్టి ఎదురుగా పో సార్." పోయినాను. నీడ వచ్చి నాలో కలిసిపోయింది. ఆ రోజు బురుజు దాకా నడిచిపోయి చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాను. కొత్త శత్రువు బొమ్మకు మెమరీలో చోటు చాలక, రాకుమారుడి బొమ్మనే కాస్త మార్చి మెక్‌నర్ ఆ నీడను పుట్టించినాడని చాలా ఏళ్ళకు తెలిసింది.

ఇదంతా ఒక వ్యాసంగా రాసి వారపత్రికకు పంపితే, అక్కడి ఎడిటరు నీడ సంగతి, పిల్లోడి సంగతి కోసేసి, కింద మూడు నక్షత్రాలు గీసి అచ్చేసినాడు. పాఠకుడికి చదివే ఓపిక లేదంట. నా రాతప్రతి 2009 అక్టోబరు వరదలో ఇంట్లోని పుస్తకాలతోపాటు నీళ్ళపాలైంది. మిగిలింది ఆయన కోసిన ముక్కే, అదీ ఒక మిత్రుడు దాచినందుకు. మార్కులు చూస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే.

2003లో వచ్చిన శాండ్స్ ఆఫ్ టైమ్‌ను నువ్వు సరిగా చూడలేదు. మన దేశపు మహారాజు కోటను దోచుకోవడంతో మొదలయ్యే కథ అది. ఆ మహారాజు కూతురు ఫరా, దోచుకున్న రాకుమారుడి పక్కనే నిలబడి పోరాడాల్సి వస్తుంది. పడితే మాయ బాకుతో కాలాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు, దాంట్లో కాలపు ఇసుక ఉన్నంతవరకే. ఇసుక అయిపోయి చచ్చినామా, కథ చెబుతున్న రాకుమారుడు అలా జరగలేదని దిద్దుకుంటాడు. రాత్రిపూట మిద్దె మీద కథ చెప్పే అవ్వ ఒక మాట తప్పిపోయి వెనక్కొచ్చినట్టే ఉంటుంది. చివర్లో మొత్తం కథనే వెనక్కి తిప్పేస్తాడు, ఫరాకు ఏమీ గుర్తుండదు. పడడం కథలోకి అంతగా ఇంకిన ఆట ఈ వరసలో ఇంకోటి లేదు. లోపముంది: యుద్ధాలు సాగుతాయి, కిందపడినవాణ్ణి బాకుతో పొడవకపోతే మళ్ళా లేస్తాడు, విసుగు పుడుతుంది.

2004 నాటి వారియర్ వితిన్‌లో కత్తియుద్ధం మెరుగన్నావు, నిజమే. శత్రువు ఆయుధం లాక్కుని రెండో చేత్తో వాడొచ్చు. కాలాన్ని కాపలా కాసే భూతం దహాకా తరుముతుంటే నీటి తెర దాటేదాకా ఊపిరాడదు. కానీ రాకుమారుడు మూతి ముడుచుకుని తిరిగే మనిషైపోయినాడు. 1999 నాటి త్రీడీ ఆట గురించి రెండు పేజీలు దండగ, చెప్పినమాట కాళ్ళు వినని ఆట అది.

2008 ఆట మీద నువ్వు రాసింది నాకు నచ్చలేదు. "చావు లేని ఆట ఆటే కాదు" అని కొట్టిపారేసినావు. పడిన ప్రతిసారీ తోడుగా వచ్చే రాకుమారి ఎలికా చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంటుంది, నిజమే, భయం పోతుంది. ఆ ఆటకు మీ అక్క కుర్చీ కదిలిందా? కదిలి ఉండదు, అది దాని లోపమని రాయి. కానీ అన్నిసార్లు పట్టుకున్న ఆ చెయ్యే చివర్లో చచ్చి చల్లబడుతుంది. ఆమెను బతికించడానికి చెట్లు నరికి, ఆమె బంధించిన చీకటి దేవుడు అహ్రిమన్‌నే వదిలిపెట్టే పని ఆట మన చేతనే చేయిస్తుంది. ఆ నరుకులకు మార్కులెన్ని వేస్తావు?

2024లో వచ్చిన లాస్ట్ క్రౌన్‌లో ముళ్ళ మీద పడితే కొంచెం ప్రాణం తగ్గి అంచుకు తిరిగొస్తాం. ఆట జరిగే ఖాఫ్ కొండలో దారి తెలియని చోటును ఫొటో తీసి మ్యాపుకు తగిలించుకోవచ్చు. ఇది నువ్వు బాగా పట్టుకున్నావు.

కలం పేరు గురించి అడిగినావు, ఆ సంగతి తర్వాత చూద్దాం. ఆ పట్టీ చించెయ్. కుర్చీ జరగడంతో మొదలుపెట్టి, ఏ ఆటకు ఎంత జరిగిందో, ఏ ఆటకు కదల్లేదో, అంతే రాసి ఉగాది లోపల పంపు.

ఇంతకూ మీ అక్క ఆ గంటలోపల రాకుమారి దగ్గరికి చేరిందా, లేదా? పన్నెండు పేజీల్లో అది యాడా రాయలేదు.

ఆశీస్సులతో,
మీ సార్