కుదిరిన జాకెట్టు విప్పి చూడొచ్చా?

ప్రశ్న: మిషన్ కొత్తగా నేర్చుకున్నాను. చేతులు, వీపు భాగం బాగానే వస్తున్నాయి కానీ ముందు భాగం ఎలా కుట్టినా ముడతలు పడుతోంది. నాకు చక్కగా కుదిరిన పాత టూబైటూ జాకెట్టు ఒకటుంది, కుట్టిన టైలరు ఊరు మారిపోయారు. దాన్ని విప్పి ముక్కలు గీసుకోవచ్చా? పట్టు జాకెట్టు కూడా విప్పొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టూబైటూది నిక్షేపంగా విప్పండి, కాకపోతే సగమే. రెండో పక్క అలాగే ఉంచుకుంటే ఏది దేనికి అతికిందో అనుమానం వచ్చినప్పుడల్లా తిరగేసి చూసుకోవచ్చు, మొత్తం ఊడదీస్తే మిగిలేది గుడ్డపీలికలే. హుక్కుల పట్టీ, కాజాల పట్టీ మాత్రం రెండూ విప్పాలి, ఎందుకంటే ఒకటి లోపలికి మడుస్తారు, ఇంకోటి బయటికి వదులుతారు.

ముందే పెన్నుతో ప్రతి ముక్క మీదా ముందు, వెనక, పైన, కింద అని రాసేయండి. చేతి ముక్క మీద మరీ ముఖ్యం, చంక గుండ్రం ముందువైపు లోతు ఎక్కువ, అది వెనక్కి తిరిగితే చెయ్యి పట్టేస్తుంది. ఆఖర్న వేసిన కుట్టు మొదట విప్పాలి: సైడు కుట్లు, చెయ్యి, మెడ, భుజం, పట్టీలు, నడుము, చివరికి టక్కులు (ముందు భాగం ఒంటికి అమరేలా గుడ్డను మొనదేలేట్టు మడిచి వేసే కుట్లు). విప్పిన వరుస కాగితం మీద రాసుకుని కింది నుంచి పైకి చదవండి, అదే కుట్టే వరుస. కుట్టును బలంగా గుంజకండి, ఒకవైపు నాలుగైదు కుట్లకోసారి బ్లేడు మొనతో తెంపి, రెండోవైపు దారం లాగితే పొడుగ్గా వచ్చేస్తుంది.

ఇక మీ ముడతల సంగతి. టక్కు విప్పగానే ఇస్త్రీ చేసేయకండి. మడత గీతకు అటూ ఇటూ సూది రంధ్రాలు కనిపిస్తాయి, అవి క్రమంగా దగ్గరై ఒక మొన దగ్గర కలుస్తాయి. ఆ మొన ఎక్కడ ఆగిందో, ఎంత సన్నగా జారిందో చూడండి, కొత్తవాళ్లు చాలామంది అక్కడ సన్నగా జార్చకుండా ఠక్కున ఆపేస్తారు, గుడ్డ ఉబ్బుతుంది. తర్వాత ఆ ముక్కను వెలుతురుకు ఎత్తి నేత దారాలు ఎటు పోతున్నాయో గమనించండి. ఏటవాలుగా ఉంటే అది క్రాస్ కటింగ్, మీరు ఆకారం మాత్రం గీసుకుని నిలువు గుడ్డ మీద కత్తిరిస్తే కొలతలన్నీ కరెక్టుగా ఉన్నా ముడతలు తప్పవు. నా అనుమానం దీని మీదే. అందుకే బ్రౌన్ పేపరు మీద దారం దిక్కుకు బాణం గుర్తు తప్పక వేసుకోండి.

ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా ఎత్తి ఎత్తి ఒత్తండి, క్రాస్ గుడ్డ ఇట్టే సాగుతుంది. రంధ్రాల వెంట గుండుసూదితో పొడిస్తే పేపరు మీద కుట్టు గీత దిగుతుంది, బయట ఎంత గుడ్డ వదిలారో కూడా తెలుస్తుంది. వాడిన జాకెట్టు కదా, మెడ, చంక సాగి ఉంటాయి, మొదట లైనింగ్ గుడ్డతో ఒకటి కుట్టి తొడుక్కుని చూడండి.

పట్టుదాని జోలికి మాత్రం పోకండి. పట్టు మీద సూది రంధ్రాలు అలాగే కనిపిస్తూ ఉంటాయి. దాన్ని తిరగేసి టేపుతో కొలుచుకోండి, చాలు.