సామాజిక విధాన పరిశోధకురాలి సైటేషన్లు, సహకారాలు ఎలా లెక్కించాలి?

సామాజిక విధానంపై పనిచేసే ఒక పరిశోధకురాలి ప్రమోషన్ ఫైలుకు సైటేషన్ల (ఆవిడ రచనలను ఇతరులు తమ రచనల్లో ఉదహరించిన సందర్భాల) లెక్క, ఎవరెవరితో కలిసి పనిచేశారన్న వివరం రాయాలి, ఏ సంఖ్యను నమ్మాలి అని అడిగారు. నేను లైబ్రరీలో ఉంటూ ఇలాంటి నివేదికలు కొన్నేళ్లుగా రాస్తున్నాను. సంఖ్యల జోలికి వెళ్లేముందు పేరు సరిచూసుకోండి.

నా మొదటి నివేదికలోనే తప్పు చేశాను. ఆ నివేదిక ఎవరి గురించో ఆ పరిశోధకురాలు పెళ్లికి ముందు ఒక ఇంటిపేరుతో, తర్వాత మరో ఇంటిపేరుతో పేపర్లు రాశారు. డేటాబేస్‌లో అవి ఇద్దరు మనుషులుగా పడ్డాయి. నేను ఒక ప్రొఫైలే చూశాను. కమిటీకి కాగితాలు వెళ్లాక ఆవిడ వచ్చి, "నా పాత పనంతా ఏమైందండీ?" అని అడిగారు. ఆ మాట ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచి సీవీ పక్కన పెట్టుకుని ఒక్కో శీర్షికా సరిచూస్తాను. పరిశోధకులను పేరుతో కాకుండా సంఖ్యతో గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ ఉంటే పని సగం తగ్గుతుంది, కానీ అందులోనూ అన్ని పేపర్లూ చేర్చారో లేదో అడగాలి.

ఇక ఎక్కడ లెక్కించాలన్నది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే సైటేషన్ డేటాబేస్‌లు ప్రధానంగా జర్నల్ వ్యాసాల మీద నడుస్తాయి. ఈ రంగం వాళ్లు పుస్తకాలు, అధ్యాయాలు, ప్రభుత్వ కమిటీలకు నివేదికలు, స్థానిక భాషల్లో వ్యాసాలు రాస్తారు. వాటిలో చాలావరకు అక్కడ కనిపించవు. గూగుల్ స్కాలర్ వాటిని ఎక్కువగా పట్టుకుంటుంది కానీ ఒకే పేపర్‌ను రెండుసార్లు చూపడం, అదే పేరున్న వేరేవాళ్ల పని కలిపేయడం మామూలే. 2022లో వచ్చిన ఓపెన్‌అలెక్స్ అనే డేటాబేస్ ఉచితం, దాన్నీ చూడండి. ఒకే మనిషికి ఒక చోట వచ్చిన హెచ్-ఇండెక్స్ (పేపర్లు, సైటేషన్లు కలిపి చూసే కొలమానం) మరోచోట సగం కూడా రాకపోవడం నేను చూశాను. అందుకే ప్రతి సంఖ్య పక్కనా డేటాబేస్ పేరు, తీసిన తేదీ తప్పకుండా రాస్తాను.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. 12 అంటే, కనీసం 12 సైటేషన్లు వచ్చిన పేపర్లు 12 ఉన్నాయని. ఒక మంచి పుస్తకానికి 600 సైటేషన్లు వచ్చినా ఇందులో అది ఒక్కటిగానే లెక్క. పుస్తకాలు రాసేవాళ్లకు ఇది అన్యాయం చేస్తుందని నా గట్టి అభిప్రాయం. కమిటీ పట్టుబడితే పరిశోధనను సంఖ్యలతో ఎలా అంచనా వేయాలో చెప్పే 2015 నాటి లైడెన్ మ్యానిఫెస్టో చూపించండి. సంఖ్యలు నిపుణుల అంచనాకు తోడుగా ఉండాలి తప్ప దాని స్థానంలోకి రాకూడదని అందులో స్పష్టంగా ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరు ఉదహరించారు, ఎందుకు ఉదహరించారు అన్నది. పెన్షన్ల మీదో పిల్లల పోషణ మీదో చేసిన పని జర్నళ్లలో పెద్దగా కనిపించకపోయినా ప్రభుత్వ పత్రాల్లో దొరకవచ్చు. విధాన పత్రాల కోసం ఓవర్టన్ అనే డేటాబేస్ ఉంది. నేను ఒక ఇరవై సైటేషన్లు తెరిచి ఆ వాక్యాలు చదువుతాను. కొన్ని వరుసగా పేర్లు పేర్చినవే ఉంటాయి. కొన్నిచోట్ల మాత్రం ఆవిడ వాదన మీదే మొత్తం అధ్యాయం నిలబడి ఉంటుంది. అలాంటి రెండు మూడింటిని నివేదికలో ఉన్నవి ఉన్నట్టే ఇస్తాను.

సహకారాలకు, ఎవరు ఎవరితో కలిసి రాశారో మ్యాప్‌గా గీసే వీఓఎస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, ఉచితమే. ఒక్క జాగ్రత్త. 40 మంది కలిసి రాసిన ఒక్క పేపర్ నుంచే 780 జంటలు పుడతాయి. మ్యాప్ చూసి ఆవిడకు ఎంత నెట్‌వర్క్ ఉందో అనుకుంటాం. ఫ్రాక్షనల్ కౌంటింగ్ (రచయితలు ఎక్కువైతే ఒక్కో జంటకు తక్కువ విలువ ఇచ్చే లెక్క) పెడితే ఆ ఒక్క పేపర్ ప్రభావం తగ్గుతుంది, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలిసి రాసినవాళ్లు పైకి తేలతారు. క్షేత్రంలో తిరిగిన సంస్థలు, సర్వే సిబ్బంది పేర్లు రచయితల వరుసలో ఉండవు కాబట్టి పేపర్ల చివర కృతజ్ఞతలు కూడా చదవండి.

రాసిన డ్రాఫ్ట్‌ను కమిటీకి పంపేముందు ఆవిడకు చూపించండి. ఈమధ్య అలా చూపించినప్పుడు, నేను వదిలేసిన రెండు పుస్తకాధ్యాయాలను ఆ పరిశోధకురాలే గుర్తుచేశారు.