ఒకే ట్రమడాల్ మాత్ర అక్కకి ఒకలా, తమ్ముడికి ఒకలా ఎందుకు పనిచేస్తుంది?

ఒకే డోసు ట్రమడాల్ వేసుకుంటే మీ అక్కకి వాంతులు, తల తిరగడం, మీకేమో నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు అంటున్నారు. ఇది ఆడా మగా తేడానా, జీన్స్ తేడానా, ఆ లెక్కన ఆవిడకి మందు అలవాటైపోయే ప్రమాదం ఎక్కువా అని మీ ప్రశ్న. నేను డాక్టర్‌ని కాను, కానీ భుజం ఆపరేషన్ అప్పుడు ఈ గొడవంతా నా ఒంటి మీదే జరిగింది కాబట్టి తర్వాత కూర్చుని బాగానే చదివాను.

ముందు లివర్ సంగతి. కోడీన్, ట్రమడాల్ రెండూ ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా నొప్పి మందులు, కానీ మనం మింగిన రూపంలో అలా పెద్దగా పనిచేయవు. లివర్‌లోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ కోడీన్‌లో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మార్చాలి, ట్రమడాల్‌నైతే రిసెప్టర్‌ని, అంటే కణాల మీద ఓపియాయిడ్లు అతుక్కునే చోటుని, ఇంకా గట్టిగా పట్టుకునే మరో పదార్థంగా మార్చాలి. ఆ ఎంజైమ్ జీన్ ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా ఉంటుంది. యూరప్ మూలాలున్నవాళ్ళలో 5 నుంచి 10 శాతం మందిలో అది అసలు పనిచేయదు, ఆసియా వాళ్ళలో అలాంటివాళ్ళు తక్కువ. ఇంకొందరిలో ఆ జీన్ అదనపు కాపీలుండి మందు చకచకా మారిపోతుంది, అప్పుడు మామూలు డోసే ఎక్కువైపోతుంది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కోడీన్ ఇచ్చిన పిల్లల్లో కొందరు ఇలాగే శ్వాస మందగించి చనిపోయారు. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో 12 ఏళ్ళలోపు పిల్లలకి కోడీన్, ట్రమడాల్ రెండూ వాడకూడదని చెప్పేసింది. ఒకే తల్లిదండ్రులు కదా అంటారేమో, అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒక కాపీ వస్తాయి, మీకొచ్చిన జతే అక్కకి రావాలని లేదు.

ఇక నా సంగతి. ట్రమడాల్ ఇంజెక్షన్ ఇచ్చినా భుజం సలుపు ఆగలేదు. నర్సు వచ్చి సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత అని అడగడం, నేను ఎనిమిది అనడం, ఆవిడ చార్టులో రాసుకుని "ఆడవాళ్ళకి ఓర్పు ఎక్కువంటారే" అని నవ్వడం. నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి మత్తు డాక్టర్ వచ్చి ఫైల్ తిరగేసి, టెన్షన్ కోసం నేను ఎప్పటి నుంచో వాడుతున్న పరోక్సెటిన్ దగ్గర వేలు పెట్టి ఆగారు. అది సీవైపీ2డీ6ని గట్టిగా అడ్డుకుంటుంది, అంటే జీన్ బాగున్నా ఎంజైమ్ లేనట్టే. పైగా పరోక్సెటిన్, ట్రమడాల్ కలిస్తే సెరోటోనిన్ అనే మెదడు రసాయనం మితిమీరే ప్రమాదం, ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉన్నాయి. ట్రమడాల్ ఆపి కొద్ది డోసులో మార్ఫిన్ ఇచ్చారు. దానికి ఈ ఎంజైమ్‌తో పని లేదు కాబట్టి నొప్పి తగ్గింది, కానీ ఆ రాత్రంతా వాంతులే.

ఆ వాంతుల దగ్గర మాత్రం ఆడా మగా తేడా నిజంగానే ఉంది. ఓపియాయిడ్లతో వికారం, వాంతులు ఆడవాళ్ళకే ఎక్కువ. మార్ఫిన్ మీద జరిగిన కొన్ని ప్రయోగాల్లో ఆడవాళ్ళలో ప్రభావం నెమ్మదిగా మొదలై, మగవాళ్ళలో కంటే బలంగా కనిపించింది. గర్భం వస్తే సీవైపీ2డీ6 చురుకుదనం పెరుగుతుంది కూడా. కాబట్టి మీ అక్క వాంతులకి జీనే కారణమని తేల్చేయకండి. మీ విషయంలోనూ అంతే, మీరు వాడే వేరే మందులేమైనా ఉన్నాయేమో చూడాలి.

అలవాటు సంగతి వేరే దారి. ఓపియాయిడ్లు మెదడులో డోపమైన్ అనే రసాయనానికి బ్రేకు వేసే కణాలను నిద్రపుచ్చుతాయి, డోపమైన్ పెరుగుతుంది, హాయిగా అనిపిస్తుంది, మళ్ళీ కావాలనిపిస్తుంది. ఆడ ఎలుకలు మగ ఎలుకల కంటే త్వరగా హెరాయిన్‌కి మరుగుతాయని చాలా ప్రయోగాల్లో తేలింది, ఈస్ట్రోజన్ పాత్ర ఉందంటారు. కానీ మనుషుల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. ఓపియాయిడ్లు అతుక్కునే మ్యూ రిసెప్టర్ జీన్‌లో ఎ118జి అనే ఒక్క అక్షరం మార్పు గురించి ఇంటర్నెట్‌లో తెగ రాస్తారు. దాని మీద అధ్యయనాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి, ఆసియా వాళ్ళలో ఆ మార్పు చాలా మామూలు, అది ఉన్నంత మాత్రాన ఎవరూ బానిసైపోరు. వాంతులు చేసుకున్న మందుని మీ అక్క మళ్ళీ కోరుకుంటుందని నాకైతే అనిపించదు, అయినా ఎంతకాలం వాడుతున్నారు, ఎంత డోసు, ఇంతకుముందు వేరే వ్యసనం ఉందా అన్నవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

మీకు పనిచేయలేదని సొంతంగా ఇంకో మాత్ర మాత్రం వేసుకోకండి. డాక్టర్‌తో "ట్రమడాల్ నాకు పనిచేయలేదు" అని, మీ అక్కయితే "నాకు పడలేదు" అని ఫైల్లో రాయించుకోండి. సీవైపీ2డీ6 పరీక్ష చేయించుకున్నా సరే, పక్కన మీరు వాడే మందుల జాబితా కూడా పెట్టి చూపించండి, జీన్ రిపోర్టులో పరోక్సెటిన్ కనపడదు.