ఈక్యాప్‌లో రాడ్ సైజు మారదు కదా, మరి లోపల గ్రెయిన్లు ఎలా చిన్నవవుతాయి?

ఈక్యాప్ అంటే మలుపు ఉన్న దారి గల అచ్చులో (డై) లోహపు రాడ్‌ను ఒత్తి దూర్చడం, ఒకసారి దూరిస్తే ఒక పాస్. గ్రెయిన్లంటే లోహం లోపలి చిన్న చిన్న స్ఫటికాలు. ఈక్యాప్ డైలో నాలుగు పాసులు వేసినా అల్యూమినియం రాడ్ పెట్టిన సైజులోనే బయటికి వస్తుంది కదా, మరి లోపల ఏం మారినట్టు అని కర్నూలు నుంచి అడిగారు. కడపలో మా కాలేజీ ల్యాబ్‌లో ఈ పని చేశాం కాబట్టి చెబుతున్నాను.

వీలైతే ఒకటి చేసి చూడండి. రాడ్‌ను నిలువునా రెండుగా కోసి, ఒక సగం లోపలి ముఖం మీద స్క్రైబర్‌తో చదరపు గళ్లు గీయండి. రెండు సగాలూ కలిపి, కందెనగా మాలిబ్డినం డైసల్ఫైడ్ పూసి ఒక్క పాస్ వేయండి. విప్పి చూసినప్పుడు మా ముక్కలో మధ్యభాగం గళ్లన్నీ ఒకే వాలుగా సాగిపోయి ఉన్నాయి. డై బయటి మూలను ఆనుకుని వెళ్లిన అంచులో మాత్రం ఆ వాలు బాగా తగ్గింది.

మలుపు దగ్గర జరిగేది షియర్. పేర్చిన కడప బండల దొంతరను పక్కకు తోస్తే బండ మీద బండ జారినట్టు, లోహం పొర మీద పొర జారుతుంది. 90 డిగ్రీల పదునైన మలుపులో ఒక్క పాస్‌కు స్ట్రెయిన్ (లోహం ఆకారం ఎంత మారిందో చెప్పే కొలత) సుమారు 1.15. నాలుగు పాసులకు 4.6. రోలింగ్‌లో అంత స్ట్రెయిన్ రావాలంటే 10 మి.మీ. పలకను 0.2 మి.మీ. కన్నా పలచగా నొక్కాలి. ఇక్కడ సైజు తగ్గదు కాబట్టే అదే రాడ్‌ను మళ్లీ మళ్లీ దూర్చగలుగుతున్నాం. 1970లలో సోవియట్ యూనియన్‌లో సెగల్ అనే పరిశోధకుడు ఈ పద్ధతిని రూపొందించింది కూడా అందుకే.

ఇక గ్రెయిన్ల సంగతి. అవి నలిగి ముక్కలు కావు, చాలామంది పొరబడేది ఇక్కడే. షియర్‌తో డిస్‌లొకేషన్లు (స్ఫటికంలో పరమాణువుల వరసల్లో వచ్చే లోపాలు) విపరీతంగా పుట్టి, గుంపులు కట్టి, పాత గ్రెయిన్ లోపలే గోడలు కడతాయి. మొదట్లో ఆ గోడలకు అటూ ఇటూ కోణం తేడా కొద్దిగానే ఉంటుంది. పాసులు పెరిగేకొద్దీ తేడా పెరిగి అవే అసలైన గ్రెయిన్ సరిహద్దులవుతాయి. స్వచ్ఛమైన అల్యూమినియంలో నాలుగు పాసులకు గ్రెయిన్ దాదాపు ఒక మైక్రాన్‌కు దిగుతుంది.

పాస్‌కూ పాస్‌కూ మధ్య రాడ్‌ను 90 డిగ్రీలు ఒకే వైపు తిప్పుతూ వెళ్లండి, అంటే రూట్ బీసీ. షియర్ వేర్వేరు తలాల మీద పడి గ్రెయిన్లు అన్ని వైపులా సమంగా తయారవుతాయి. 180 డిగ్రీలు తిప్పితే రెండో పాస్‌కు వంగిన గళ్లు తిరిగి చదరాలవుతాయి. అయినా డిస్‌లొకేషన్లు మాత్రం ఎక్కడికీ పోవు!

హార్డ్‌నెస్ మొదటి పాస్‌కే బాగా పెరుగుతుంది, తర్వాత పెరుగుదల మందగిస్తుంది. అందుకని ఒకే పాస్‌తో ఆపేయకండి, గోడలకు అటూ ఇటూ కోణం తేడా పెరిగేది తర్వాతి పాసుల్లోనే. రీడింగ్ మధ్యలో ఒక్కచోట తీసి వదిలేయకుండా, అడ్డకోతలో పై అంచు నుంచి కింది అంచు దాకా వరసగా తీయండి. శాంపిల్‌కు కోల్డ్ మౌంటింగే (వేడి చేయకుండా రెసిన్‌లో అమర్చడం) చేయించండి, వేడి తగిలితే సాధించిన నిర్మాణం చెడిపోవచ్చు. ఇంత చిన్న గ్రెయిన్లు మామూలు మైక్రోస్కోప్‌లో తేలవు, ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో గ్రెయిన్ల దిశలు కొలిచే పద్ధతి) ఉన్న ల్యాబ్‌లో స్లాట్ కోసం ఇప్పుడే అడిగి పెట్టుకోండి.